అప్‌డేట్: రెండు ప్రాసెసర్ల సర్వర్ క్రాష్‌కి కారణం మెమరీ స్లాట్

విశాఖ పెదవాల్తేరు ఆఫీసులో రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లు ఉన్న) లినక్స్ సర్వర్ లోడ్ పడగానే మెషిన్ చెక్ ఎర్రర్‌తో (హార్డ్‌వేర్‌లో తప్పు దొరికిందని ప్రాసెసర్ చెప్పే ఎర్రర్) ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. మీరు చెప్పినట్టు ‘మాక్స్‌సీపీయూస్=1’ (ఒక్క కోర్‌నే నడపమనే సెట్టింగ్) పెట్టి బూట్ చేస్తే క్రాష్ రాలేదు. అంతమాత్రాన కెర్నెల్ (లినక్స్‌లోని మూల ప్రోగ్రామ్) బగ్ అని తేల్చేయకూడదు. ఒక్క కోరే నడిచేటప్పుడు కెర్నెల్ ముందుగా ఆ కోర్ ఉన్న సాకెట్ మెమరీనే వాడుతుంది, రెండో వైపు ర్యామ్ జోలికి పెద్దగా పోదు.

అసలు గుట్టు విప్పింది న్యూమాసీటీఎల్ (ఏ ప్రాసెసర్ ఏ మెమరీ వాడాలో చెప్పే లినక్స్ కమాండ్). మొదటి ప్రాసెసర్ కోర్లకు రెండో నోడ్ (రెండో ప్రాసెసర్ వైపు) మెమరీ ఇచ్చి (సీపీయూనోడ్‌బైండ్=0, మెంబైండ్=1) స్ట్రెస్ టెస్ట్ పెడితే పడిపోయింది. తిరగేసి పెడితే నిక్షేపంగా నడిచింది. అంటే కోర్లు బాగానే ఉన్నాయి. హార్డ్‌వేర్ ఎర్రర్లు నమోదు చేసే ర్యాస్‌డీమన్ లాగ్‌లో కరెక్టెడ్ ఎర్రర్లన్నీ (సిస్టమ్ తానే సరిదిద్దుకున్నవి) ఒకే స్లాట్‌వి, ర్యామ్ స్టిక్‌లు అటూ ఇటూ మార్చినా అక్కడే. టార్చ్ వేసి చూస్తే ఆ స్లాట్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము. సముద్రపు గాలి తగిలే గదుల్లో ముందు చూడాల్సింది ఇదే!

పవర్ కేబుళ్లు తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చాం. అదే టెస్ట్ రాత్రంతా నడిచింది, ఎర్రర్ కౌంట్ సున్నా. ఎర్రర్లు మళ్లీ కనిపిస్తే మెమరీ బ్యాండ్‌విడ్త్ (డేటా వేగం) కాస్త తగ్గినా సరే, ఆ స్లాట్ ఖాళీగా వదిలేస్తాం.