వై-20 నిజంగా సీ-17కు సాటి వచ్చే విమానమేనా?

కాకినాడ రవి:
చైనా భారీ రవాణా విమానం వై-20 గురించి మన దగ్గర ఎక్కడ మాట వచ్చినా రెండే వాదనలు. అది అమెరికా రవాణా విమానం బోయింగ్ సీ-17కు కాపీ, పట్టించుకోనక్కర్లేదు అనేవాళ్లు కొందరు. 66 టన్నులు మోస్తుంది కాబట్టి మన ఎయిర్‌ఫోర్స్ సీ-17తో సమానం అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరితోనూ నేను ఏకీభవించను. విమానం బాడీ, రెక్క బాగున్నాయి. మొదటి రకానికి పెట్టిన ఇంజినే దానికి చాలదు. 66 అనే అంకెను ఒంటరిగా పట్టుకుంటే ఇది కనపడదు.

లెక్క చూడండి. వై-20 గరిష్ఠ టేకాఫ్ బరువు 220 టన్నులు. 2013 జనవరి 26న మొదటిసారి ఎగిరినప్పుడూ, 2016లో సర్వీసులోకి వచ్చినప్పుడూ దానికున్నవి నాలుగు రష్యన్ డి-30కేపీ-2 ఇంజిన్లు. ఒక్కోదాని త్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు తోసే బలం, 12 టన్నులు, మొత్తం 48. సీ-17 గరిష్ఠ బరువు 265 టన్నులు, నాలుగు ఇంజిన్ల త్రస్ట్ కలిపి 73 టన్నులు. అంటే టన్ను బరువుకు సీ-17లో 275 కిలోల త్రస్ట్ ఉంటే వై-20లో 220 కూడా లేదు. పైగా ఖాళీ విమానమే సుమారు 100 టన్నులంటారు. 66 టన్నుల సరుకు ఎక్కిస్తే ఇంధనానికి మిగిలేది 54 టన్నులు. డి-30 పాతకాలపు ఇంజిన్, ఇంధనం బాగా తాగుతుంది. నిండు లోడుతో దూరం వెళ్లలేదు, దూరం వెళ్లాలంటే లోడు తగ్గించాలి.

నరసాపురం శ్రీను:
రవి గారూ, కాపీ కాదని అంత తేలిగ్గా ఎలా తీసేస్తారు? సు బిన్ అనే చైనా వ్యాపారి 2014లో కెనడాలో అరెస్టయ్యాడు. సీ-17 ఫైళ్లు దొంగిలించడంలో హ్యాకర్లకు సాయం చేశానని 2016లో అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు, 46 నెలల జైలు పడింది. ఆ తోక, ఆ ముక్కు చూస్తే ఇంకా సాక్ష్యం కావాలా?

కాకినాడ రవి:
దొంగతనం జరిగింది శ్రీను గారూ, కాదనను. దాని నుంచి వాళ్లకు ఏదో ఒకటి పనికొచ్చే ఉంటుంది. కానీ టీ ఆకారపు తోక, పైన అమర్చిన రెక్క, నాలుగు ఇంజిన్లు 1971లో ఎగిరిన సోవియట్ రవాణా విమానం ఐఎల్-76కీ ఉన్నాయి. ఈ పని చేసే విమానం ఏదైనా దాదాపు అలాగే ఉంటుంది. సీ-17ను సీ-17గా నిలబెట్టింది దాని ఫ్లాపుల, అంటే రెక్క వెనక అంచున కిందికి వంగే పలకల, ఏర్పాటు. ఇంజిన్ల నుంచి వచ్చే గాలి ఫ్లాపుల మీదుగా కిందికి మళ్లి అదనంగా లిఫ్ట్ (పైకి లేపే బలం) ఇస్తుంది, అందుకే అంత బరువుతోనూ చిన్న రన్‌వే మీద దిగగలదు. వై-20లో మామూలు మూడు మడతల ఫ్లాపులే. పైపై పోలిక చూసి కాపీ అంటున్నాం, అసలు గొప్పతనమేమో కాపీ కాలేదు.

ఈ విమానం ఎందుకు పుట్టిందో కూడా చూడాలి. 2005లో చైనా 34 ఐఎల్-76లు, గాలిలోనే వేరే విమానాలకు ఇంధనం నింపే 4 ఐఎల్-78 ట్యాంకర్ల కోసం రష్యాతో ఒప్పందం చేసుకుంది. వాటిని కట్టాల్సిన ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ ఫ్యాక్టరీ ఆ ధరకు తయారు చేసి ఇవ్వలేకపోయింది. 2008లో సిచువాన్ భూకంపం వచ్చేసరికి అంత పెద్ద దేశం చేతిలో ఉన్న భారీ విమానాలు ఇరవై దాకా మాత్రమే. సొంతంగా కట్టుకోక తప్పదన్న అవసరంలోంచి వచ్చింది వై-20. ఉక్రెయిన్‌లోని విమానాల కంపెనీ అంటోనోవ్ సాయమూ తీసుకున్నారు. చీఫ్ డిజైనర్ తాంగ్ చాంగ్‌హోంగ్.

వెంకటరత్నం:
నేను ఐఎల్-76ల మీద గ్రౌండ్ క్రూలో పనిచేసి రిటైరయ్యాను. మీరందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు. లోడింగ్ చేసేవాడికి బరువు కంటే ముందు అడ్డొచ్చేది వెడల్పు. ఐఎల్-76 సరుకు గది మూడున్నర మీటర్లు కూడా ఉండదు. పెద్ద వాహనం ఎక్కించాలంటే రెండు పక్కలా మనిషి నిలబడి అంగుళం అంగుళం చూసుకోవాలి. బరువు సరిపోయినా సైజు పట్టక వెనక్కి పంపిన సరుకు చాలా చూశాను. వై-20 గది 4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు అంటున్నారు. ఆ అరమీటరు చిన్న విషయం కాదు బాబూ. సీ-17 అయితే ఐదున్నర మీటర్లు, జీపుల్లాంటివి పక్కపక్కన రెండు వరసల్లో పెట్టేయొచ్చు. నన్నడిగితే వై-20ను పోల్చాల్సింది ఐఎల్-76తో. దాని మీద ఇది స్పష్టంగా మెరుగు. ఐఎల్-76లో నావిగేటర్, ఫ్లైట్ ఇంజనీర్ అంటూ పెద్ద సిబ్బంది కావాలి, ఇందులో ముగ్గురితో నడుస్తుంది.

సుధ, హైదరాబాద్:
రవి అన్నా, మీ ఇంజిన్ వాదన మొదటి రకానికే సరిపోతుంది. చైనా సొంత డబ్ల్యూఎస్-20 ఇంజిన్లతో వై-20బీ వచ్చేసింది. ఒక్కోటి 14 టన్నుల త్రస్ట్ అంటున్నారు, ఇంధనమూ తక్కువ తాగుతుంది. మీ లెక్కే వేస్తే టన్నుకు 255 కిలోలు, సీ-17కు బాగా దగ్గర.

ఇంకో మాట. టిబెట్ అనగానే అందరూ ట్యాంకులు విమానంలో దించేస్తారని భయపడతారు. లాసాకు 2006లోనే రైలు వచ్చింది, 2021లో అరుణాచల్ సరిహద్దుకు దగ్గరగా న్యింగ్‌చీ దాకా వేశారు. ట్యాంకుల్ని తేవడానికి వాళ్లకు రైలు, రోడ్డు ఉన్నాయి. మనకు టెన్షన్ పెట్టాల్సింది ట్యాంకర్ రకం వై-20. టిబెట్‌లోని న్గారీ విమానాశ్రయం 4,270 మీటర్ల ఎత్తులో ఉంది, లాసాది 3,570. ఆ పలుచటి గాలిలో ఫైటర్ పూర్తి ఇంధనం, పూర్తి ఆయుధాలతో లేవలేదు, ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఇన్నాళ్లూ మనకున్న పెద్ద వెసులుబాటు అదే, మన స్థావరాలు ఎక్కువ భాగం మైదానాల్లో ఉన్నాయి కదా. ఫైటర్ ఆయుధాలతో లేచి, పైన ట్యాంకర్ దగ్గర ఇంధనం నింపుకుంటే ఆ వెసులుబాటు తగ్గుతుంది. ట్యాంకర్ మాత్రం ఎక్కడో పల్లపు స్థావరం నుంచి రావొచ్చు. 2021 నవంబరులో తైవాన్ వైపు వెళ్లిన చైనా విమానాల గుంపులో ఈ ట్యాంకర్ కూడా ఉంది.

కాకినాడ రవి:
సుధ గారూ, ట్యాంకర్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రవాణా కంటే అదే మనకు పెద్ద సమస్య. వై-20బీ మీద నాది ఒకటే అభ్యంతరం. త్రస్ట్ అంకె ఒకటి, అవే ఇంజిన్లు ఏళ్ల తరబడి నమ్మకంగా తిరగడం ఇంకొకటి. కొత్త ఇంజిన్‌కు ఆ రికార్డు ఇంకా రావాలి. పాత ఇంజిన్లతోనే 2022లో ఆరు విమానాలు సెర్బియాకు క్షిపణులు చేర్చాయి, అదే ఏడాది టోంగాకు సహాయ సామగ్రి వెళ్లింది. 2020లో వూహాన్‌కు వైద్య సిబ్బందిని తెచ్చిందీ ఇవే.

నరసాపురం శ్రీను:
మరి మన సంగతి? మన దగ్గర సీ-17లు 11 ఉన్నాయిగా. 2020లో లద్దాఖ్‌కు ట్యాంకులు చేర్చింది అవే కదా.

కాకినాడ రవి:
అవే. కానీ సీ-17 తయారీ 2015లో ఆగిపోయింది. ఒకటి పోతే ఇంకోటి కొనడానికి లేదు. ఐఎల్-76లు 1980ల నాటివి. మన ఆదిభట్లలో అమెరికా రవాణా విమానం సీ-130జే తోక భాగాలు తయారవుతున్నాయి, వడోదరలో చిన్న రవాణా విమానం సీ-295 కడుతున్నారు. ఆ పని చూస్తే గర్వంగానే ఉంటుంది, కానీ సీ-295 మోసేది 9 టన్నుల దాకా. ఎయిర్‌ఫోర్స్ 2023లో వివరాలు అడిగిన మధ్య తరహా విమానం 18 నుంచి 30 టన్నులది. 60 టన్నుల తరగతిలో మనం మొదలుపెట్టింది ఏమీ లేదు. చైనాలో షియాన్‌లోని వై-20 ఫ్యాక్టరీ మాత్రం ఆగకుండా నడుస్తోంది.