‘వంశనాళంబు’ పిల్లనగ్రోవియేనా?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం): పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు చల్దులారగించే సీసపద్యం ఎత్తుగడ “కడుపునఁ దిన్నగాఁ గట్టిన వలువలో” తరువాత “లలిత వంశనాళంబుఁ జొనిపి” అని నా నోట ఆడుతోంది (వంశమంటే వెదురు). కృష్ణుడు వలువలో దోపుకున్నది తయారైన పిల్లనగ్రోవియా, లేక అప్పుడే కోసిన వెదురు ముక్కా? వేణువనక నాళమనడం ఎందుకు?

గుంటూరు, బ్రాడీపేట: ముందు పాఠం సరిచేసుకోండి. ‘లలిత’ నగణం, అంటే మూడూ లఘువులే; అది సూర్యగణం. సీసపాదంలో అక్కడ ఇంద్రగణం కావాలి కనుక ‘లాలిత’ అనే భగణమే (గురువు, రెండు లఘువులు) నిలుస్తుంది. ఆ ‘లా’కు యతి, అంటే పాదంలో కుదరవలసిన అక్షరమైత్రి, ‘నాళంబు’లోని ‘ళం’తో కుదిరింది. వేణువంటే అది కుదరదు. ఇంతకు మించి తవ్వవలసినది లేదు.

తెనాలి: మాస్టారూ, యతి కోసం పోతన పదం వెతుక్కున్నాడంటే ఒప్పుకోలేను, అంత అవసరమే వస్తే ‘లాలిత’నే మార్చుకునేవాడు. సెలవు రోజుల్లో వేణువులు చేసుకునే అలవాటున్నవాణ్ణి గనుక నాకు ఆ ‘లాలిత’లోనే కిటుకు కనబడుతోంది. నీడలో నెలల తరబడి ఆరిన వెదురును ఒక చివర కణుపు ఉంచి కోసి, బరమా పెడితే పీచు వెంట చీలుతుందన్న భయంతో ఎర్రగా కాల్చిన చువ్వతోనే రంధ్రాలు పొడుస్తాను. పొగకు కళ్ళు మండుతాయి. ఆపైన నూనె పట్టించి, ఏళ్ళ తరబడి వేళ్ళు ఆడితే గాని ఆ నునుపు రాదు. అప్పుడే కోసిన వెదురు లాలితమెలా అవుతుంది?

గుంటూరు, బ్రాడీపేట: నునుపు మీ చేతి అనుభవమే గాని నిఘంటువులోని అర్థం కాదు. పైగా ఒక చివర కణుపు మూసి ఉంటే అది నాళమెలా అవుతుంది?

తెనాలి: తామరనాళం మాటేమిటి? నాళమంటే ముందు కాడ, ఆ తరువాతే గొట్టం. మా పిల్లలు బొప్పాయి ఆకు కాడతో చేసే బూర కూడా నాళమే. పశులకాపరి చేతి వాద్యానికి అంతకన్నా తగిన మాట లేదు.

మంగళగిరి: సంస్కృత భాగవత మూలంలో ఉన్నది ‘వేణుం’ అనే మాటే, కృష్ణుడి వేళ్ళ సందుల్లో ఉన్నవి ఫలాలు. ఫలాలను ఊరుగాయలుగా మార్చిన మహానుభావుడు వేణువును నాళం చేస్తే వింతేముంది? అసలు తేల్చవలసినది ఆ ఊరుగాయ ఏమిటన్నది.

గుంటూరు, బ్రాడీపేట: ఉసిరిక అయి ఉండాలి. మా ఊరి మిరపకాయ మాత్రం కాదు. పోతన నాటికి మిరప ఈ దేశానికే రాలేదు.