సాంచా (మరమగ్గం) ఆగి నడిచిన చోట గీత: కూలీలో కోత పెట్టాలా?

ఆసామి_16సాంచాలు:
మాది సిరిసిల్ల, సాంచాల ఆసామిని, అంటే యజమానిని. మామూలు సాంచాల మీద పాలిస్టర్ బట్ట. ఆగి మళ్లీ నడిచిన చోటల్లా అడ్డంగా గీత పడుతోంది. కొన్నిచోట్ల పలచన, కొన్నిచోట్ల ఒత్తు. బట్ట తీసుకునే సేటు ఆ మీటర్లకు డబ్బు కోస్తున్నాడు. అది నడిపే మనిషి కూలీలో పట్టుకోవడం న్యాయమేనా? నా లెక్కలో న్యాయమే. అజాగ్రత్త తప్ప ఇంకేముంది?

పాత_జాబర్:
సాంచాలు సరిచేసే జాబర్‌గా చెప్తున్నా, సగమే ఒప్పుకుంటా. బిగువు మీదున్న పడుగు (నిలువు పోగులు) సాంచా ఆగినా ఊరుకోదు, నిమిషాలు గడిచేకొద్దీ సాగుతుంది. అప్పుడు చివరి పేక (అడ్డపోగు) కూర్చున్న చోటు కాస్త జరుగుతుంది. పేకను గుద్ది కూర్చోబెట్టే దువ్వెనలాంటి పన్నెకు దూరమైతే పలచన, దగ్గరైతే ఒత్తు. వెంట్రుకవాసి జరిగినా పాలిస్టర్‌లో కనబడిపోతుంది. నూలు బట్టయితే బొచ్చు కొంత కప్పేస్తుంది. పైగా నడిపించగానే సాంచా పూర్తి వేగం అందుకోదు కాబట్టి పన్నె మొదటి దెబ్బ మెత్తగా పడుతుంది.

కూలి_నేత:
ఎనిమిది సాంచాలకు నేనొక్కడినే అన్నా. ఒకదాంట్లో పోగు అతికేలోపు ఇంకోదాంట్లో పేక అయిపోతుంది, అది పది నిమిషాలు అలాగే నిలబడుతుంది. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే. ఆ సాగుడుకు నా కూలీ ఎందుకు కోయాలి?

ఆసామి_16సాంచాలు:
పేక తెగిన చోట బట్టను చుట్టే పళ్ల చక్రం వెనక్కి తిప్పి నడపమని ఎన్నిసార్లు చెప్పినా తిప్పరు. అదీ కరెంటు తప్పేనా?

పాత_జాబర్:
అది నిజం. పేక తెగితే సాంచాను ఆపే పక్క ఫోర్కు రెండు పిక్కులకు (రెండుసార్లు పేక వేస్తే) ఒకసారే పేకను చూస్తుంది. ఆలోపు బట్ట ముందుకు చుట్టుకుంటుంది. తిప్పకపోతే పలచన ఖాయం. అలాగే తిండికి పోయేటప్పుడు పడుగును సమం చేసి ఆపాలి. పైకీ కిందికీ విడిపోయి ఉన్నప్పుడు వదిలేస్తే రెండు పొరలూ ఒకేలా సాగవు. కానీ ఫోర్కు సరిచేయించడం, పోగులు తెగకుండా మంచి బీము (పడుగు చుట్టిన రోలు) తేవడం ఆసామి పని. అసలు ఆగడం తగ్గితే గీతలూ తగ్గుతాయి కదా.

సూరత్_ర్యాపియర్:
మా దగ్గర ర్యాపియర్ అనే కొత్త రకం మగ్గాల్లో ఎంతసేపు ఆగితే బీము ఎంత వెనక్కి తిరగాలో కంప్యూటర్‌లో పెడతాం. అయినా కొత్త రకం బట్ట ఎక్కిస్తే ఆ అంకె కుదిరేదాకా గీతలే. లక్షల మిషనుకే చేతకానిది మనిషి మీద రుద్దితే ఎలా?

పాత_జాబర్:
ఒక వారం ఇలా చేసి చూడండి. ఆగినప్పుడల్లా అంచున రంగు దారం కట్టండి: పోగు తెగితే ఎరుపు, పేకకు పచ్చ, కరెంటుకు నలుపు. బట్ట తాను విప్పితే ఏ గీత ఎవరిదో తెలిసిపోతుంది.

కూలి_నేత:
కడతాను. ఆ వారం కోత ఉండకూడదు.

ఆసామి_16సాంచాలు:
సరే. నలుపువి నావి. ఎరుపువి బీము చూసి మాట్లాడదాం. పచ్చవి మాత్రం నావని ఒప్పుకోను.