క్రిస్మస్ చెట్టుకు కృత్రిమ మంచు: మన ఎండల సీమలో అవసరమా?

మాసాపేట వాసి, కడప: ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. ఈసారి ప్లాస్టిక్ చెట్టు కొన్నాం. దాని మీద మంచు ఉండాల్సిందేనని పిల్లల పట్టు. డబ్బాలోంచి నురగలా కొట్టే స్ప్రే తెమ్మంటున్నారు. మా అత్తగారేమో సరుగుడు కొమ్మకు దూది అంటించి ఇన్నేళ్లూ పండుగ చేయలేదా, ఇప్పుడూ దూదే చాలంటున్నారు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే ఊళ్లో అసలు మంచు ఎందుకన్నది నా సందేహం. మీరేమంటారు?

లూకా రెండో అధ్యాయం, నంద్యాల: ఎందుకూ అక్కర్లేదు. ఆ రాత్రి గొర్రెల కాపరులు పొలంలో మందను కాచుకుంటున్నారని లూకా సువార్త చెబుతుంది. మంచు ఊసే లేదు. అది ఐరోపా వాళ్ల గ్రీటింగు కార్డుల మీద నుంచి మన ఇళ్లలోకి దిగింది. ఆ డబ్బులతో మంచి నక్షత్రం కట్టండి. యేసు పుట్టుకను చూపే పశువుల పాక బొమ్మ ముందు పళ్లెంలో జొన్నలు మొలకెత్తిస్తే పచ్చిక అవుతుంది, మన నేలదీ అవుతుంది.

గుత్తి కోడలు, అనంతపురం: అధ్యాయం గారూ, ఆ లెక్కన సువార్తలో చెట్టూ లేదు కదండీ. ఐరోపాలోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో చెట్లు పెట్టి అలంకరించేవారని 1605 నాటి రాత ఒకటుంది. చెట్టును నెత్తిన పెట్టుకుని మంచును మాత్రం గడప దాటనివ్వరా? పైగా బైబిలుకు మంచు పరాయిదేమీ కాదు. యెషయా మొదటి అధ్యాయంలో పాపాలు తెల్లబడేది మంచులాగే. 147వ కీర్తనలో దేవుడు మంచును గొర్రె బొచ్చులా కురిపిస్తాడు. గొర్రెలకు కొదవ లేని జిల్లా మాది, ఆ మాట మాకు చక్కగా అర్థమవుతుంది.

ఆదోని జిన్నింగ్: మతం సంగతి మీరు తేల్చుకోండి. దూది గురించి మాత్రం నన్ను అడగండి, పొద్దస్తమానం దాని మధ్యే ఉంటాను. విడదీసిన పొడి దూదికి నిప్పురవ్వ తగిలితే ఆర్పే వ్యవధి ఉండదు. జిన్నింగు మిల్లులో బీడీ వెలిగించనివ్వనిది అందుకే. టేపు చుట్టి అతికించిన సీరియల్ లైట్ల తీగ మీద ఆ దూదే పరిచి, పక్కన కొవ్వొత్తి పెట్టి ప్రార్థన చేసే ఇళ్లు చూశాను. మాసాపేట వారూ, అత్తగారికి నొప్పి కలగకుండా చెప్పండి.

రసాయనం మాస్టారు, అనంతపురం: మంచు పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. వేర్వేరుగా చూడాలి.

స్ప్రే డబ్బాలో నురగను బయటికి తోసేది సాధారణంగా ప్రొపేన్, బ్యూటేన్. అంటే మన వంటగ్యాసు సిలిండరులోని వాయువులే. కిటికీలు తెరిచి, దీపాలూ పొయ్యీ ఆర్పి, లైట్ల ప్లగ్గు పీకి కొట్టాలి. పూర్తిగా ఆరాకే లైట్లు చుట్టాలి. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ గదిలో ఉంచకండి.

రెండోది, విదేశాల్లో చెట్లకు పట్టించే మంచు పూత. కాగితపు పీచుకు జిగురు కలిపి చేస్తారు. త్వరగా నిప్పు అంటుకోకుండా బోరిక్ ఆమ్లం వంటివి చేరుస్తారు. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి ఉందే, అదే బోరిక్ ఆమ్లం. రాలినదాన్ని పాకే పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

మూడోది నీళ్లు పోయగానే పొంగే తెల్లపొడి, సోడియం పాలీఅక్రిలేట్. పిల్లల డైపర్లలో ఉండేది ఇదే. స్వచ్ఛమైన నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. మన బోరు నీళ్లు పోసి చూడండి, సగం కూడా పొంగదు. పాకం చెడిన ఉండలా ముద్దకడుతుంది. నీటిలోని కాల్షియం ఆ పొడిలోని పొడవాటి అణువుల గొలుసులను దగ్గరికి లాగేసి విచ్చుకోనివ్వదు. ఆర్‌వో ఫిల్టరు నీళ్లు పోస్తే క్షణాల్లో గుల్లగుల్లగా లేస్తుంది. పిల్లలకు రెండు గిన్నెల్లో పక్కపక్కన చేసి చూపించండి, వాళ్లకు చెట్టు కంటే అదే నచ్చుతుంది. పండుగయ్యాక ఉప్పు చల్లితే నీళ్లు వదిలి కుంగిపోతుంది. తూములో మాత్రం పోయకండి, అడ్డం పడుతుంది. టైల్స్ మీద పడితే కాలు జారుతుంది.

ఇంకొకటి. దూదికి నిప్పు భయమని అమెరికాలో 1930లలో రాతినారను, అంటే ఆస్బెస్టాస్‌ను, ఇంట్లో చల్లుకునే మంచుగా అమ్మారు. నిప్పుకు లొంగదు, నిజమే. ఊపిరితిత్తుల్లోకి చేరిన పోగు బయటికి రాదు. మన పులివెందుల ప్రాంతంలోనూ రాతినార గనులు నడిచాయి కనుక ఆ ధూళి ఎలాంటిదో సీమవాసులకు వేరే చెప్పనక్కరలేదు. నిప్పు అంటుకోదని డబ్బా మీద రాసినంత మాత్రాన కళ్లు మూసుకుని కొనకూడదని ఈ సంగతి ఎత్తాను.

గుత్తి కోడలు: అయితే మాస్టారూ, కీర్తనలో చెప్పినట్టు గొర్రె బొచ్చే పరిస్తే?

రసాయనం మాస్టారు: దూది కంటే నయం. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, మంట తీసేస్తే చాలావరకు దానంతటదే ఆరిపోతుంది.

ఆదోని జిన్నింగ్: దక్కనీ గొర్రెల బొచ్చు చాలావరకు నలుపమ్మా! గొంగళ్లు చూడలేదా? చెట్టు మీద నల్ల మంచు కురిపిస్తారా?

లూకా రెండో అధ్యాయం: నల్లదైనా సరే, అది కాపరులది. నా మద్దతు దానికే.

మాసాపేట వాసి: ఇంట్లో చదివి వినిపించాను. స్ప్రే పక్షం వీగిపోయింది. ఫిల్టరు నీళ్ల పొడి ఖాయమైంది, కానీ అది ఆకుల మీద నిలవదు కనుక పళ్లెంలో పోసి పశువుల పాక చుట్టూ పెడతారట. అత్తగారు దూదిని వదల్లేదు. లైట్లు లేని కింది కొమ్మలకు రెండు ముద్దలు అంటిస్తానన్నారు, ఒప్పుకున్నాం.

లూకా రెండో అధ్యాయం: చెట్టు మీద వద్దంటే తెచ్చి నా పాక చుట్టూ పోశారా!