బెయిల్ మీద వచ్చినవాడి చేతిలో మళ్ళీ కత్తి, ఆపే చట్టమే లేదా? (సింగ్‌నగర్, విజయవాడ)

ప్రశ్న (సింగ్‌నగర్ అక్క):
గత ఏడాది మా తమ్ముడి చెయ్యి కోసిన కుర్రాడు బెయిల్ మీద వచ్చి రెండు నెలలైంది. పోయిన ఆదివారం రాత్రి టీ బడ్డీ దగ్గర బటన్ చాకు తెరుస్తూ మూస్తూ మావాడి వైపే చూస్తూ నిలబడ్డాడు. నోటితో ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి తమ్ముడు చీకటిపడితే గడప దాటడం లేదు. స్టేషన్‌కి వెళ్తే "ఏమైనా చేస్తే అప్పుడు రండి" అన్నారు. చేశాక రావడానికి మనిషి ఉండాలి కదండీ! అసలే బ్లేడ్ బ్యాచ్ గొడవలని రోజూ వింటూ టెన్షన్‌తో చస్తున్నాం. ఒకసారి మనిషిని కోసినవాడు మళ్ళీ కత్తి పట్టకూడదని చట్టంలో లేదా?

లాయర్ బాబాయ్:
ఉందమ్మా, కానీ మీరు అడిగేదానికి అందదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 9 ప్రకారం హింస కేసులో జైలు శిక్ష పడినవాడు శిక్ష అయిపోయాక 5 ఏళ్ళ వరకు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోకూడదు. కత్తి ఊసే లేదు అందులో. పైగా మీ కేసు ఇంకా నడుస్తోంది, శిక్షే పడలేదు. 2016 రూల్స్‌లో 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల్లో చేర్చారు, ఇంటికీ పొలానికీ చేసినవి వదిలేసి. జేబులో పట్టే చాకు ఆ కొలతకే రాదు. నాకు దీనిమీద చాలా కోపం, ఎందుకంటే రోడ్డు మీద మనుషులకు దిగేవి ఇలాంటి చిన్నవే.

అందుకని కత్తిని వదిలి బెయిల్‌ని పట్టుకోండి. సాక్షిని బెదిరించడం బెయిల్ రద్దుకు గట్టి కారణం. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 483(3) కింద సెషన్స్ కోర్టులో మీ తమ్ముడే పిటిషన్ వేయొచ్చు. బడ్డీ దగ్గర సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ చెరిగిపోకముందే తీసుకోండి.

కృష్ణలంక పెద్దాయన:
1988 డిసెంబరులో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య తర్వాత ఈ ఊరు తగలబడటం కళ్ళారా చూసినవాణ్ణి. అప్పుడు ఎవరిది ఏ వర్గమో తెలిసేది, ఎటు వెళ్ళకూడదో పిల్లలకు చెప్పుకునేవాళ్ళం. 2020 మే నెలాఖరున, లాక్‌డౌన్ ఉండగానే, పటమటలో కుర్రాళ్ళు కత్తులతో కొట్టుకున్నాక ఆ ధైర్యమూ పోయింది. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద 12 నెలల దాకా లోపల ఉంచొచ్చు కదా, ఇలాంటివాళ్ళందరినీ వేసేయాలి.

ఆటోనగర్ చెల్లి:
పెద్దాయనా, మీ బాధ అర్థమైంది గానీ అందరినీ అనకండి. మా అన్న మీద 19 ఏళ్ళకే రౌడీషీట్ తెరిచారు, తప్పు చేశాడు, కాదనను. ఒక లేత్ మేస్త్రీ పనిలో పెట్టుకున్నాకే మనిషి మారాడు, అంతకుముందు షీట్ ఉందని తెలిసి ఎన్ని షెడ్లవాళ్ళు గుమ్మంలోంచే పంపేశారో లెక్కలేదు.

అక్కా, మీకు ఒకటి చెప్తాను. ఎమ్మార్వో దగ్గర బైండోవర్ చేయించమని, అంటే గొడవ చేయనని వాడిచేత బాండ్ రాయించమని అడగండి. దానికి గొడవ జరిగేదాకా ఆగక్కర్లేదు, జరిగేలా ఉందని చూపిస్తే చాలు. ఆ బాండ్ ఉన్నన్నాళ్ళూ మా అన్న జేబులో గోళ్ళు తీసుకునే చాకు కూడా పెట్టుకోలేదు.

లాయర్ బాబాయ్:
చెల్లి చెప్పింది నిజం. బాండ్ తప్పితే డబ్బు పోవడమే కాదు, గడువు అయ్యేదాకా జైల్లో పెట్టే వీలుంది.

సింగ్‌నగర్ అక్క:
బడ్డీ ఆయన ఫుటేజీ ఇస్తానన్నాడు, తన పేరు మాత్రం ఎక్కడా రాకూడదట. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు. ఏం చేయమంటారు?

లాయర్ బాబాయ్:
ముందు కాపీ తీసుకోండి, తేదీ, టైమ్ కనపడేలా. ఆయన భయం న్యాయమైనదే. సాక్షుల రక్షణకు 2018 నుంచి పథకం ఉంది, జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ చూస్తుంది. ఆయన పేరుతో ఒకటి, తమ్ముడి పేరుతో ఒకటి దరఖాస్తు పెట్టండి. రేపే వెళ్ళండి.