తిరుపతి బండ్ల పొగ లెక్క: రిజిస్ట్రేషన్ అంకెలు చాలవా?

ప్రశ్న: తిరుపతిలో వాహనాల కార్బన్ డయాక్సైడ్ లెక్క కట్టాలి. 'వాహన్' పోర్టల్లోని (బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు) బండ్ల సంఖ్యను సగటు కిలోమీటర్లతో గుణిస్తే సరిపోతుందా అన్నా?

జవాబు: చాలదు. తుక్కుకు పోయిన స్కూటర్లు కూడా ఆ జాబితాలో ఉండిపోతాయి. అలిపిరి దగ్గర కాసేపు నిలబడండి, తమిళనాడు, కర్ణాటక నంబర్లు ఎన్ని పోతాయో. అవి మీ లెక్కలోకే రావు. రోడ్డు మీదే లెక్కపెట్టాలి: 15 నిమిషాలకో కాగితం, బండి రకానికో గడి, మామూలు రోజొకటి, శనివారమొకటి, తెల్లవారుజాము వదలకుండా. బ్రహ్మోత్సవాల వారాన్ని 52తో గుణించారో, మునిగినట్టే.

ఇంకొకరు: కిలోమీటర్లు డ్రైవర్లను అడగొద్దు, నోటికొచ్చిన అంకె చెప్తారు. ఓడోమీటర్ (బండి తిరిగిన మొత్తం కిలోమీటర్లు చూపే మీటరు) అంకె రాసుకుని నెల తర్వాత మళ్లీ చూడండి. డీజిల్ లీటరు కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, పెట్రోలుకు 2.31. లీటరుకు 4.5 కిలోమీటర్లిచ్చే బస్సయితే కిలోమీటరుకు దాదాపు 600 గ్రాములు. ఘాట్ బస్సుకు ఈ మైలేజీ పనికిరాదు. ట్యాంకు నిండా పట్టించి, పైకీ కిందికీ పది ట్రిప్పులయ్యాక మళ్లీ నింపి చూడండి. ఒక్క ట్రిప్పుకే కొలిస్తే, నింపడంలో లీటరు తేడా వచ్చినా లెక్క తలకిందులే.

ప్రశ్న వేసినవారు: పోనీ, బంకుల అమ్మకం తీసుకుంటే?

జవాబు: సరిచూసుకోవడానికే. బెంగళూరులో నింపుకొచ్చిన డీజిల్ ఇక్కడి బిల్లులో ఉండదు కదా. జనరేటర్లకు డబ్బాల్లో పట్టుకెళ్లిందీ తీసేయాలి.