ఎయిర్‌పోర్టు ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆపి సామాను ఎక్కించే చోట, పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా తమ్ముడి గురించి అడగాలి

మా తమ్ముడు మూడు నెలలుగా ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు లోడర్. అన్నీ నైట్ డ్యూటీలే. విమానం పొట్ట కింద మెరిసే ఎర్ర బీకన్ లైటు వెలుగుతుంటే ఇంజిన్ తిరుగుతున్నట్టే, అది ఆరేదాకా దగ్గరికి పోవద్దని ట్రైనింగ్‌లో చెప్పారట. కానీ ఆలస్యమైతే సూపర్‌వైజర్ "కానీయండి, కానీయండి" అని తరుముతాడట. ఇంటికొచ్చాక కూడా వాడి చెవులు గుయ్‌మంటూనే ఉంటాయి. పక్కనే నిలబడి పిలిచినా ఒక్కోసారి పలకడు.

నా టెన్షన్ ఊరికే కాదు. 2015 డిసెంబరులో ముంబైలో, హైదరాబాద్ బయల్దేరుతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ ఒక టెక్నీషియన్‌ను లాగేసుకుంది. 2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఒక మహిళా ఉద్యోగి అలాగే చనిపోయింది. విమానం ఆగి ఉన్నప్పుడు దానికి కరెంటు ఇచ్చే, తోకలో ఉండే చిన్న ఇంజిన్, అదే ఏపీయూ, పనిచేయక అక్కడ ఒక పెద్ద ఇంజిన్‌ను ఆపకుండా ఉంచారు. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మోతలో, చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుని, ఇంజిన్ తిరుగుతోందో ఆగిందో ఎలా పోల్చుకుంటారు? ఏపీయూ చెడిన విమానం వస్తోందని లోడర్లకు ముందే ఎవరు చెప్పాలి? బీకన్ ఆరలేదని వాడు ఆగిపోతే, ఉద్యోగం పోకుండా ఎవరికి ఫిర్యాదు చేయాలి? జీతం స్లిప్‌లో ఈఎస్ఐ కోత కూడా కనిపించడం లేదు, అదెక్కడ అడగాలి? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. రేపు రాత్రి మళ్లీ వాడికి డ్యూటీ.